జియోలైట్‌లో నింపిన 5-ఎఫ్‌యూ పొట్టలోనే బయటపడుతోంది: పెద్దపేగు దాకా ఆపేదెలా?

పొడి_పూత అడిగారు:

నమస్కారం అండి. పెద్దపేగు క్యాన్సర్‌కి నోటి ద్వారా ఇవ్వగలిగేలా 5-ఫ్లోరోయురాసిల్‌ను (5-ఎఫ్‌యూ, క్యాన్సర్ మందు) సోడియం వై జియోలైట్‌లో (సన్నని రంధ్రాలుండే సిలికాన్-అల్యూమినియం ఖనిజం) నింపే ప్రయత్నం ఇది. ఇంకా ల్యాబ్ దశే, జంతువుల దాకా పోలేదు.

జియోలైట్ 1 గ్రాము, సిలికాన్-అల్యూమినియం నిష్పత్తి 2.5. నీరు 50 మి.లీ., అందులో మందు 500 మి.గ్రా. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు కలియబెట్టి, మొత్తాన్ని రోటరీ ఎవాపరేటర్‌లో ఆరబెట్టాం. లోడింగ్ (లోపలికి చేరిన మందు వాటా) 33 శాతం వచ్చింది. ఆ పొడిని యూడ్రాజిట్ ఎస్100 (ఆమ్లంలో కరగని పూత పాలిమర్) ద్రావణంలో కలిపి, ద్రావకాన్ని ఆవిరి చేసి పూత వేశాం. పొట్ట ఆమ్లం లాంటి పీహెచ్ 1.2 దగ్గర డిసల్యూషన్ (మందు బయటికి రావడాన్ని కొలిచే పరీక్ష) పెడితే అరగంటలోనే దాదాపు మందంతా బయటికొచ్చేస్తోంది.

రంధ్రం ద్వారం 0.74 నానోమీటర్లే కదా, ఈ చిన్న అణువుకి సరిగ్గా సరిపోయేంత. మరి ఎందుకు ఆగడం లేదు? ఇంకా పెద్ద రంధ్రాల సిలికా ఎంసీఎం-41కి మారితే మేలా?

సచ్ఛిద్ర జవాబు:

ముందు ఆ 33 శాతం సంగతి చూద్దాం. మీరు వేసింది 500 మి.గ్రా. మందు, 1000 మి.గ్రా. జియోలైట్. 500ని 1500తో భాగిస్తే 33 శాతం. అంటే మీరు కొలిచింది లోడింగ్ కాదు, గిన్నెలో వేసిన నిష్పత్తి. నీళ్లన్నీ ఆవిరి చేస్తే మందు ఎటూ పోదు కాబట్టి, లోపలికి వెళ్లినా బయట అంటుకున్నా అంకె మారదు.

నిజంగా లోపలికి ఎంత వెళ్లి ఉంటుందో లెక్కేయండి. వై జియోలైట్ రంధ్రాల ఘనపరిమాణం గ్రాముకి సుమారు 0.3 మి.లీ. మీ ద్రావణం మి.లీ.కి 10 మి.గ్రా. గోడలకు మందు మీద ప్రత్యేకమైన పట్టు లేకపోతే, రంధ్రాల్లోకి చేరేది ద్రావణంతోపాటు ఓ 3 మి.గ్రా. మాత్రమే. మిగతాదంతా ఆరేటప్పుడు గింజల మీద స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆమ్లంలో అరగంటకే కరుగుతున్నది ఆ స్ఫటికాలే. డీఎస్‌సీ (వేడి చేస్తూ కరగడాన్ని పట్టే పరీక్ష) తీయండి. 5-ఎఫ్‌యూ కరిగే శిఖరం 282 డిగ్రీల దగ్గర స్పష్టంగా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

మరి పట్టు ఎందుకు లేదు? రెండు కారణాలు. నిష్పత్తి 2.5 ఉన్న వై జియోలైట్‌కి నీరంటే విపరీతమైన ఇష్టం. రంధ్రాలను నీళ్లే ఆక్రమిస్తాయి, మందుకి చోటు దొరకదు. రెండోదాన్ని చాలామంది గమనించరు. సోడియం వైని నీళ్లలో వేస్తే ఆ నీరు క్షారంగా మారుతుంది, పీహెచ్ 9 దాటవచ్చు. 5-ఎఫ్‌యూ పీకేఏ (సగం అణువులు హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసే పీహెచ్) సుమారు 8. అక్కడ మందు రుణావేశంలోకి మారుతుంది, జియోలైట్ చట్రానిదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. కలియబెట్టే ముందూ తర్వాతా పీహెచ్ చూసి రాసిపెట్టుకోండి.

వై తోనే కొనసాగాలంటే, అల్యూమినియం తీసేసిన అధిక సిలికా రకం వాడండి. నీళ్లలోంచి సేంద్రియ అణువులను అది బాగా పట్టుకుంటుంది, ఆమ్లానికీ తట్టుకుంటుంది. మీ ఇప్పటి రకం పీహెచ్ 1.2లో సోడియం పోగొట్టుకోవడమే కాదు, చట్రంలోని అల్యూమినియం కూడా వదులుతుంది. ఆమ్ల దశ ముందూ తర్వాతా ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్-రే పరీక్ష) తీస్తే శిఖరాలు కుంగడం కనిపిస్తుంది. నోటి ద్వారా ఇచ్చే వస్తువు కాబట్టి ద్రవంలోకి వచ్చిన అల్యూమినియంను కూడా ఐసీపీతో (లోహాలను కొలిచే పరికరం) కొలవాలి.

చేసే క్రమం: జియోలైట్‌ను నిమిషానికి 2–5 డిగ్రీల చొప్పున వేడెక్కించి 350 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచండి, డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే తూచండి. ఇది అనవసరపు శ్రమ అనుకోవద్దు. గాలిలో ఉన్న సోడియం వైలో బరువులో పావు వంతు దాకా నీరే ఉండవచ్చు, మీ 1 గ్రాము నిజంగా 0.75 గ్రామే కావచ్చు. మందు ద్రావణాలు మి.లీ.కి 1, 2, 4, 6, 8, 10 మి.గ్రా. చొప్పున చేసి, పీహెచ్ 5–6 మధ్య ఉంచి, 25 డిగ్రీల దగ్గర కలియబెట్టండి. ఆరబెట్టకుండా సెంట్రిఫ్యూజ్ చేయండి. పై ద్రవంలో మిగిలింది, ఒక్కసారి 2 మి.లీ. చల్లటి నీటితో కడిగితే వచ్చింది, ఘనం నుంచి విడిగా లాగింది, ఈ మూడూ కలిపితే వేసిన మందులో 97–103 శాతం తేలాలి. తేలకపోతే ఎక్కడో కొలత తప్పింది.

ఇక ఎంసీఎం-41. రంధ్రం 2–4 నానోమీటర్లు, ఘనపరిమాణం గ్రాముకి 1 మి.లీ.కి అటూఇటూ. ఎక్కువ పడుతుంది, అంతకంటే త్వరగా జారిపోతుంది. అమైనో సమూహాలు అతికిస్తే పట్టు కొంత పెరుగుతుంది గానీ వాకిలికి తలుపు రాదు, ఆ తలుపు పైపూతే కావాలి. ఇంకో మాట. ఆమ్లంలో మందు వదిలే సిలికా క్యారియర్ల (మందును మోసే పదార్థాల) గురించి చదివి చాలామంది ఉత్సాహపడతారు. అవి రక్తంలోకి ఎక్కించి, కణితి దగ్గరి ఆమ్లతను వాడుకోవడానికి రూపొందించినవి. నోటి మార్గంలో మొదట ఎదురయ్యేదే ఆమ్లం, మీకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు.

కోటింగ్‌ప్యాన్ జవాబు:

సచ్ఛిద్ర గారు చెప్పినట్టు తలుపు పూతే. అయితే మీరు వేసిన పూత పూతే కాదు, దానికి ఉపరితల లెక్క చాలు.

గోళాకారపు గింజలకు గ్రాముకి ఉపరితలం అంటే 6ని సాంద్రత, వ్యాసం రెండింటి లబ్ధంతో భాగించడం. సాంద్రత 1.4, వ్యాసం 1 మి.మీ. అయితే గ్రాముకి 43 చదరపు సెం.మీ. చదరపు సెం.మీ.కి 4 మి.గ్రా. ఎస్100 కావాలనుకుంటే 170 మి.గ్రా., అంటే 17 శాతం బరువు పెరుగుదల. ఇది చేయగలిగిన పని. అదే 1 మైక్రాన్ జియోలైట్ గింజ మీద అంత మందం పూతకి గ్రాముకి 170 గ్రాముల పాలిమర్ కావాలి! పొడి మీద ఎంటెరిక్ పూత (పొట్టలో ఆగి పేగులో కరిగేది) నిలవకపోవడానికి కారణం ఇదే. ద్రావకం ఆవిరైపోయాక మీకు మిగిలింది పాలిమర్ ముద్దల మధ్య ఇరుక్కున్న పొడి, ఆ చీలికల్లోంచి ఆమ్లం సులువుగా వెళ్లిపోతుంది.

కాబట్టి ముందు గుళికలు చేయండి. లోడ్ చేసిన జియోలైట్‌కి సమానంగా మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ కలిపి, తడిపి, ఎక్స్‌ట్రూడర్ (పోగులు తీసేది), స్ఫెరోనైజర్ (వాటిని గుండ్రం చేసేది) గుండా పోనిచ్చి 0.8–1.2 మి.మీ. గుళికలు తీసి జల్లించండి. జియోలైట్ రంధ్రాలు నీళ్లు తాగేస్తాయి, తడిపే నీరు మామూలు కంటే ఎక్కువ పడుతుంది. కొద్దికొద్దిగా పోయండి. తడిపే నీరే మందును రంధ్రాల్లోంచి లాగుతుంది కూడా, అందుకని తడిసిన ముద్దను గంటలకొద్దీ నిలవ ఉంచొద్దు.

తర్వాత హైప్రోమెలోజ్‌తో (నీళ్లలో కరిగే పాలిమర్) 2–3 శాతం లోపూత. దీన్ని దాటవేస్తే రెండు దెబ్బలు: నీళ్లలో కరిగే మందు ఎంటెరిక్ పొరలోకి పాకుతుంది, క్షారగుణం ఉన్న సోడియం వై తడి తగలగానే ఎస్100 ఆమ్ల సమూహాలను లోపలివైపు నుంచే కరిగిస్తుంది. బయట ఆమ్లం ఉన్నా పొర లోపలినుంచి పోతుంది. పైన ఎస్100, ఐసోప్రొపైల్ ఆల్కహాల్-ఎసిటోన్ 60:40లో ఘనం 6 శాతం, పాలిమర్ బరువులో ట్రైఇథైల్ సిట్రేట్ (పొరను మెత్తబరిచేది) 10 శాతం, టాల్క్ 50 శాతం. గుళికల ఉష్ణోగ్రత 25–30 డిగ్రీల మధ్య. వేడి ఎక్కువైతే చుక్క గాల్లోనే ఆరి పొర గరుకుగా, చిల్లులతో వస్తుంది. తక్కువైతే గుళికలు జంటలుగా అతుక్కుంటాయి, విడిపోయిన చోట పూత ఊడుతుంది. ఎసిటోన్ ఆవిరికి పేలుడు రక్షణ ఉన్న యంత్రం తప్పనిసరి. ఈ మందు జీవకణాలను చంపే రకం, దాని దుమ్ము పీలిస్తే ప్రమాదం. మూసిన వ్యవస్థ, రెండు జతల గ్లవ్స్ లేకుండా జల్లెడ ముట్టుకోకండి.

పీక్266 జవాబు:

పరీక్ష గురించి కొంత చెబుతాను. ఆమ్ల దశ 2 గంటలు, 10 శాతానికి మించి బయటికి రాకూడదు, ఇది ఫార్మకోపియా హద్దు. తర్వాత ఫాస్ఫేట్ 6.8కి మారుస్తారు. ఎస్100 పీహెచ్ 7 దాటాకే కరుగుతుంది. చిన్నపేగు చివర పీహెచ్ 7.4 దాకా వెళ్లి, పెద్దపేగు మొదట్లో మళ్లీ 6 దగ్గరికి పడిపోతుంది. ఆ చివరి మెట్టు మీద గుళిక ఎక్కువసేపు ఆగని మనిషిలో పొర విప్పుకోకుండానే బయటికి పోవచ్చు. అందుకే పెద్దపేగు బ్యాక్టీరియా తినగలిగే పాలీశాకరైడ్‌ను పొరలో కలపడం నాకు నచ్చే దారి. పెక్టిన్, గ్వార్ గమ్, అరగని పిండి పదార్థం, ఏదైనా సరే. అరగని పిండి, ఎస్100 30:70 నిష్పత్తిలో బాగా పనిచేస్తాయి. అప్పుడు పరీక్ష ద్రవంలో బ్యాక్టీరియా ఉండాలి, ఆక్సిజన్ ఉండకూడదు. ఫాస్ఫేట్ బదులు బైకార్బొనేట్ బఫర్‌లో కూడా చూడండి, అందులో ఎస్100 బాగా నెమ్మదిగా కరుగుతుంది, పేగులోని పరిస్థితికి అదే దగ్గర.

నమూనా 5 మి.లీ. తీసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో మొదటి 2 మి.లీ. వదిలేయండి. 100 నానోమీటర్ల సిలికా అయితే ఫిల్టర్ దాటిపోతుంది, సెంట్రిఫ్యూజ్ కావాలి. 266 నానోమీటర్ల యూవీ కాంతి దగ్గర కొలిచేటప్పుడు గింజలు చెదరగొట్టే కాంతి మందులా కనిపిస్తుంది. మందు లేని క్యారియర్‌తో అదే పరీక్ష నడిపి తీసివేయండి. క్షారంలో 5-ఎఫ్‌యూ శిఖరం జరుగుతుంది, కాబట్టి ప్రామాణిక ద్రావణాలు నమూనా ఉన్న ద్రవంలోనే చేయాలి. కణాల మీద ఎంటీటీ పరీక్షకి (బతికున్న కణాలను రంగు మార్పుతో లెక్కించేది) వెళితే మందు లేని క్యారియర్‌ను కూడా పెట్టండి. రంధ్రాల సిలికాన్ పదార్థాలు ఆ రంగును తామే మార్చేయగలవు.

900 మి.లీ. ద్రవంలో వచ్చిన ఫలితం చూసి పెద్దపేగులోనూ అలాగే విడుదలవుతుంది అనుకోవద్దు. అక్కడ స్వేచ్ఛగా ఉండే నీరు చిన్న చిన్న మడుగులుగా సగటున పదిహేను మి.లీ.కి అటూఇటూ ఉంటుందంతే. పైగా పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే డీపీడీ ఎంజైమ్ ఈ మందును చాలావరకు విరగ్గొడుతుంది. నోటి ద్వారా 5-ఎఫ్‌యూ రక్తంలోకి చేరే మోతాదు మనిషికో రకంగా ఉండడానికి కారణం అదే. పేగు దాటి పాకిన క్యాన్సర్‌కి ఇలాంటి గుళిక సిరలోకి ఎక్కించే మందుకు బదులు కాలేదు. పేగు గోడ మీది కణితికి దగ్గరగా మందు చేర్చడం అన్నంత వరకే లక్ష్యం పెట్టుకోండి.

పొడి_పూత అడిగారు:

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. అధిక సిలికా వై తెప్పిస్తాం. లోడింగ్ గ్రాముకి 30–40 మి.గ్రా. దగ్గరే ఆగిపోతే వదిలేయాలా?

సచ్ఛిద్ర జవాబు:

మోతాదుతో లెక్క చూసి నిర్ణయించండి. 100 మి.గ్రా. మందు కావాలంటే గ్రాముకి 40 మి.గ్రా. చొప్పున 2.5 గ్రాముల జియోలైట్, సెల్యులోజ్, పూత కలిపితే 6 గ్రాములకు అటూఇటూ. మింగడానికి అది చాలా ఎక్కువ. గ్రాముకి 150 మి.గ్రా. కంటే తక్కువ తేలితే ఈ మందుకి రంధ్రాల క్యారియర్ అవసరమే లేదు, నేరుగా మందుతోనే గుళికలు చేసి పూత వేయండి. ఆ గుళికలను ఎలాగూ పోలికకి చేయాలి, వాటితోనే మొదలుపెట్టండి.