తుఫాను తర్వాత ప్రైవేటు ట్యాంకర్లను, అపార్ట్‌మెంట్ బోర్లను కలెక్టర్ స్వాధీనం చేసుకోవాలా?

కొండవాలు మనిషి:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు మా ఇల్లు కొండవాలులో ఉండేది. రేకులు లేచిపోతే ఓర్చుకున్నాం, నీళ్ల దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. కరెంటు లేక పైట్యాంకుకు నీళ్లెక్కలేదు. వీధి కుళాయిలో చుక్క లేదు. ట్యాంకరు వచ్చినా కింద రోడ్డు మీదే ఆగేది. నిండు బిందె అయితే తొణికి తడి మెట్ల మీద కాలు జారుతుందని అమ్మ ముప్పావు వంతే పట్టుకునేది. పైవరస ఇళ్లలోని ముసలివాళ్లకు ఆ ముప్పావు బిందె కూడా దక్కలేదు. రాత్రయితే కింద అపార్ట్‌మెంట్లో జనరేటర్ మోత, బోరు ఆడుతున్న చప్పుడు వినిపించేవి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 65వ సెక్షన్ కింద అధికారులు వాహనాలను, వనరులను తీసుకోవచ్చు. 66వ సెక్షన్ ప్రకారం పరిహారం ఇవ్వాలి. మరి ఎందుకు వాడరు?

ఎంవీపీ వాసి:
మీ బాధ అర్థమైందండీ, విశాఖ ఎంవీపీ కాలనీలో మాదీ అలాంటి అపార్ట్‌మెంటే, కానీ స్వాధీనానికి నేను ఒప్పుకోను. ఆ జనరేటర్‌కు డీజిల్ కోసం మావాళ్లు బంకు దగ్గర గంటలకొద్దీ నిలబడ్డారు. లిఫ్టు ఆగిపోతే ఐదో అంతస్తులో ఉన్న పెద్దాయనకు మేమే బకెట్లు మోశాం. అధికారులు లాక్కుంటారని తెలిస్తే ట్యాంకర్ల వాళ్లు బళ్లు ఊరు దాటించేస్తారు, మొదటికే మోసం. నీళ్లివ్వాల్సింది కార్పొరేషన్. ఆ బాధ్యత మా గేటు మీద పడేస్తే ఎలా?

పంపుల దగ్గర పనిచేసినవాణ్ణి:
ఇద్దరూ బోర్లు, ట్యాంకర్ల గురించే మాట్లాడుతున్నారు. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా బోర్లలో ఉప్పదనం ఉంటుంది, క్లోరిన్ బిళ్ల వేసినా అది పోదు. ఆ నీళ్లు వాడుకకే. లెక్క చూడండి: అత్యవసర సమయంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలని అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు 333 మందికి సరిపోతుంది. 3,000 మంది ఉన్న వాడకు రోజుకు 9 ట్రిప్పులు. ఆ ట్యాంకరు నింపాలన్నా పంపు ఆడాలి కదా! మేఘాద్రి గెడ్డ జలాశయంలో నీళ్లున్నంత మాత్రాన ఇంటికి రావు. పంపులకు జనరేటర్లు, డీజిల్ ముందే సిద్ధం చేయకపోతే మీరు ఎన్ని బళ్లు స్వాధీనం చేసుకున్నా ఖాళీగానే తిరుగుతాయి.

కొండవాలు మనిషి:
బోర్ల విషయంలో నా మాట మార్చుకుంటున్నాను. డీజిల్ ప్రభుత్వం ఇచ్చి, గేటు బయట ఒక కుళాయి పెట్టమని అడిగితే చాలు, వాడుక నీళ్లకైనా పనికొస్తాయి. ట్యాంకర్ల మీద మాత్రం వెనక్కి తగ్గను. ఆ వారం రోజులూ డబ్బున్న వీధికే బండి వెళ్లడం నా కళ్లతో చూశాను. కిరాయి కట్టి తీసుకోండి, కానీ ఏ వీధికి ముందు వెళ్లాలో కలెక్టరే చెప్పాలి.

ఇంకొకటి. తుఫాను హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది. మా మెట్ల చివర 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి పెట్టి, హెచ్చరిక రాగానే నింపితే, తాగడానికి మనిషికి 3 లీటర్ల చొప్పున మా వరసలో ఉన్న 300 మందికి రెండు రోజులు గడుస్తాయి. సోమవారం వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తున్నాను. ఎంవీపీ వాసి గారూ, మీ అసోసియేషన్ తరఫున కూడా ఒక సంతకం పెట్టిస్తారా?

ఎంవీపీ వాసి:
పెట్టిస్తానండీ. ట్యాంకర్ల సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.