జార్జియా చేతిలో రెండుసార్లు ఓడిన టెక్సస్‌కు పై ర్యాంకు న్యాయమేనా?

ప్రశ్న: ఆస్టిన్‌వాసి

2024 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ ముగిశాక వెలువడిన ఏపీ పోల్‌లో (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్; విలేకరుల ఓట్లతో దేశంలోని జట్లకు ర్యాంకులిచ్చే జాబితా) టెక్సస్‌కు 4వ స్థానం, జార్జియాకు 6వ స్థానం దక్కాయి. మా అమ్మాయి ఆస్టిన్‌లో చదువుతున్నందువల్ల నేను టెక్సస్ పక్షమే. అయినా అక్టోబరు 19న మా సొంత మైదానంలోనే జార్జియా మమ్మల్ని 30-15తో ఓడించడం కళ్లారా చూశాను. మూడో క్వార్టర్‌లో రిఫరీ నిర్ణయం నచ్చక ప్రేక్షకులు మైదానంలోకి సీసాలు విసిరారు. వాటిని ఏరి శుభ్రం చేసేలోగా రిఫరీలు కూడబలుక్కుని ఆ నిర్ణయాన్నే వెనక్కి తీసుకున్నారు. అంత కలిసొచ్చినా గెలవలేకపోయాము. డిసెంబరు 7న అట్లాంటాలో జరిగిన ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, మా రెండు జట్లూ ఉన్న లీగ్) ఫైనల్లోనూ ఓవర్‌టైమ్‌లో 22-19తో ఓడిపోయాము. మన కాన్ఫరెన్స్ వరకే చూస్తే, 16 జట్లలో మొదటి స్థానం ఎవరికి ఇవ్వాలంటారు?

జవాబు 1: ఏథెన్స్ (జార్జియా జట్టు సొంత ఊరు) అభిమాని

ఇందులో సందేహించవలసినది ఏముందండీ? ముఖాముఖి రెండుసార్లు గెలిచిన జట్టే పైన ఉండాలి. లీగ్ దశలో గెలుపోటములు టెక్సస్‌వి 7-1, జార్జియావి 6-2 అన్నది నిజమే కానీ, ఎవరెవరితో ఆడి ఆ అంకెలు సాధించారో కూడా చూడాలి. జార్జియా ఆ ఎనిమిది ఆటల్లోనే అలబామా, ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం), టెనెసీ, టెక్సస్ జట్లను ఎదుర్కొంది. మొదటి మూడింటిలో ఒక్కదానితోనూ టెక్సస్‌కు ఆట పడలేదు. 16 జట్లున్న కాన్ఫరెన్స్‌లో ఎనిమిదే ఆటలు పెడితే, పట్టికలో పై స్థానం సగం చీటీ అదృష్టమే అవుతుంది.

జవాబు 2: డాలస్ మావయ్య

ఏథెన్స్ మిత్రులు చెప్పినదాన్ని కాదనను. అయితే రెండు జట్లూ ఆడిన ప్రత్యర్థులను పక్కపక్కన పెట్టి చూడండి. కెంటకీని జార్జియా 13-12తో, అంటే ఒక్క పాయింటుతో గట్టెక్కి గెలిస్తే, టెక్సస్ 31-14తో గెలిచింది. ఫ్లోరిడా మీద జార్జియా 34-20, టెక్సస్ 49-17. మిసిసిపీ స్టేట్ మీద జార్జియా 41-31, టెక్సస్ 35-13. ఆపైన జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో జార్జియా తొలి ఆటలోనే నోటర్‌డామ్ చేతిలో 23-10తో ఇంటిదారి పట్టగా, టెక్సస్ క్లెమ్సన్‌నూ అరిజోనా స్టేట్‌నూ దాటి సెమీఫైనల్‌కు చేరింది. అట్లాంటా ఫైనల్లోనే మోచేతికి దెబ్బ తగిలి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) కార్సన్ బెక్ దూరం కావడం జార్జియాకు పెద్ద దెబ్బ అని ఒప్పుకుంటాను. కానీ ర్యాంకు ఇచ్చేవారు జరిగిన ఆటను చూస్తారు గాని, జరగవలసిన ఆటను కాదు కదా.

జవాబు 3: నాష్‌విల్ నుంచి

ముఖాముఖి గెలుపే కొలమానమైతే దీనికి సమాధానం చెప్పండి: అలబామా జార్జియాను 41-34తో ఓడించింది, జార్జియా టెనెసీని 31-17తో ఓడించింది, టెనెసీ అలబామాను 24-17తో ఓడించింది. ఈ ముగ్గురిలో ఎవరు పైన? జార్జియా మీద గెలిచిన సరిగ్గా వారానికే ఆ అలబామా మా నాష్‌విల్ జట్టు వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో ఓడింది. ఆ రాత్రి కుర్రవాళ్లు గోల్‌పోస్టును పెకలించి, ఊరి వీధుల గుండా మోసుకెళ్లి కంబర్లాండ్ నదిలో పడేశారు. అలాగని అలబామా కన్నా మేమే మేటి అని వాదిస్తే మీరు నవ్వుతారు. అంతకుముందే మేము జార్జియా స్టేట్ (ఈ జార్జియా కాదు, వేరే విశ్వవిద్యాలయం) చేతిలో ఓడిన సంగతి నేనేమీ దాచడం లేదు.

ప్రశ్న అడిగినవారు: ఆస్టిన్‌వాసి

మావయ్య గారు చూపిన స్కోర్లు నాకు తీపిగానే ఉన్నాయి. అయినా కాన్ఫరెన్స్ కప్పు గెలిచినది జార్జియా కాబట్టి, కాన్ఫరెన్స్ వరకు నా జాబితాలో జార్జియా, టెక్సస్, టెనెసీ అన్నదే వరుస. దేశం మొత్తం జాబితాలో మాత్రం ఆ 4వ స్థానాన్ని వదులుకోను. కాన్ఫరెన్స్ జాబితాలో నాలుగో స్థానం ఓల్ మిస్‌కా, సౌత్ కరొలైనాకా అన్నది తేలలేదు. ఓల్ మిస్ జార్జియాను 28-10తో చిత్తు చేసి, సౌత్ కరొలైనాను 27-3తో ఓడించి కూడా, సొంత ఊళ్లో కెంటకీకి తలవంచింది. ఆ జట్టును ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.