‘రేస్ కండిషన్’కు ‘పందెం’ సరిపోతుందా?

ప్రశ్న: లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం) గురించి డిగ్రీ విద్యార్థులకు ఒక వ్యాసం రాస్తున్నాను. ‘రేస్ కండిషన్’ను ‘పందెపు స్థితి’ అనవచ్చా? లాక్ తీసుకోవడాన్ని ‘తాళం తీయడం’ అని రాశాను. పెద్దలు చూసి చెప్పగలరని మనవి.

జవాబు: ముందు తాళం సంగతి చూద్దామండీ, అక్కడ అర్థమే తలకిందులైంది. తాళం తీయడమంటే మనకు తలుపు తెరవడం. కెర్నల్‌లో లాక్ తీసుకునేది మరొకరు లోపలికి రాకుండా. ‘తాళం తీసి లెక్క మార్చాలి’ అని చదివిన విద్యార్థి, ఉన్న రక్షణను తొలగించి మార్చాలనుకుంటాడు. ‘లాక్ పట్టుకుని మార్చి, ఆపైన వదలాలి’ అని రాయండి. కెర్నల్‌లోని లాక్ రకాలైన స్పిన్‌లాక్‌కైనా మ్యూటెక్స్‌కైనా ‘పట్టుకోవడం’, ‘వదలడం’ చక్కగా అతుకుతాయి.

ఇక పందెం అనగానే గెలుపోటములు గుర్తొస్తాయి. ఇక్కడ ఎవరు (అంటే ఒకేసారి నడిచే పనుల్లో ఏది) ముందు వచ్చినా ఇబ్బంది లేకపోవచ్చు. ఒకరి పని సగంలో ఉండగా మరొకరు జొరబడటంతోనే తంటా. మెమరీలో ఉన్న ఒక వస్తువును ఎందరు వాడుతున్నారో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క 1 ఉందనుకోండి. కొత్తగా ఇద్దరు వస్తే 3 కావాలి. ఇద్దరూ ఒకేసారి 1ని చదివి, ఒకటి కలిపి, 2 అని రాస్తే ఒకరు లెక్కలోకి రానట్టే. తరువాత ఇద్దరు వదిలేయగానే లెక్క సున్నా అవుతుంది, కెర్నల్ ఆ మెమరీని వేరే పనికి ఇచ్చేస్తుంది. మూడోవారు ఇంకా దాన్నే వాడుతూ ఉంటారు! అందుకే చదవడం, కలపడం, రాయడం మూడూ విడదీయరాని ఒకే పనిగా జరగాలి. నేనైతే ‘ముందువెనుకల చిక్కు’ అంటాను.

మరో సభ్యురాలు: ‘ముందువెనుకల చిక్కు’ నాకు నచ్చింది. 2016 అక్టోబరులో బయటపడిన డర్టీ కౌ అనే లినక్స్ కెర్నల్ భద్రతా లోపానికి కూడా అది సరిపోతుంది. చదవడానికే అనుమతి ఉన్న ఫైలు పేజీలో (మెమరీలోకి తెచ్చిన ఫైలు ముక్కలో) రాయబోతే కెర్నల్ దానికి సొంత నకలు తీసి ఇస్తుంది. నకలు తీయడానికి, అందులో రాయడానికి మధ్య సందులో, అదే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే మరో పాయ (థ్రెడ్) ఆ నకలును పారేయమంటుంది. కెర్నల్ మళ్లీ వెతుకుతుంది, కానీ తాను రాయడానికి వచ్చానన్న సంగతి అప్పటికే వదిలేసింది. దాంతో రాత అసలు ఫైలులో పడుతుంది. మామూలు వాడుకరి రూట్ అధికారం (సిస్టమ్ మొత్తంపై పెత్తనం) సంపాదించడానికి అది చాలు. పదకొండేళ్ల ముందే దీన్ని సరిచేయబోయాననీ, ఆ మార్పును తరువాత వెనక్కి తీసుకోవలసి వచ్చిందనీ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దిద్దుబాటు వివరణలోనే రాశారు. 2016 దిద్దుబాటులో కొత్త లాక్ ఏదీ లేదు. నకలు తీశామని గుర్తుంచుకునే ఒక ఫ్లాగ్ (గుర్తు) చేర్చారు, అంతే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. రెండు చోట్లా మారుస్తాను. అయితే ‘డేటా రేస్’నూ ఇదే మాటతో చెప్పవచ్చా?

మరో సభ్యురాలు: వద్దండీ. డేటా రేస్ అంటే ఒకే మెమరీ చోటును ఇద్దరు ఒకేసారి, లాక్ వంటి కట్టుబాటు లేకుండా ముట్టుకోవడం, అందులో ఒక్కరైనా రాయడం. 2020లో లినక్స్ 5.8తో వచ్చిన కేసీశాన్ (KCSAN) అనే తనిఖీ సాధనం పట్టుకునేది దాన్నే. డర్టీ కౌలో పేజీ టేబుల్‌ను (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికను) ముట్టుకున్న ప్రతిసారీ లాక్ పట్టుకునే ఉన్నారు. అయినా రెండు అడుగుల నడుమ సందు మిగిలింది. ‘డేటా రేస్’ను అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యం వివరణ ఇవ్వండి.