మంచి ఐటీ లీడర్ అంటే ఎవరు? మీరు చూసినవాళ్ళ గురించి చెప్పండి

కొత్తలీడ్_కూకట్‌పల్లి:
పోయిన నెల నన్ను టీమ్ లీడ్ చేశారు. తొమ్మిది మంది టీమ్. హెచ్ఆర్ వాళ్ళు ట్రైనింగ్ పెట్టి విజన్, ఎంపతీ, ఇన్నోవేషన్ అంటూ స్లైడ్లు చూపించారు. వినడానికి బాగానే ఉంది, సోమవారం పొద్దున సీట్లో కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం అందులో లేదు. మీకు దొరికిన మంచి మేనేజర్లు నిజంగా ఏం చేసేవాళ్ళో చెప్పండి. పుస్తకాల పేర్లు మాత్రం వద్దు, ప్లీజ్.

సపోర్ట్_సుబ్బు:
ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) పడిపోయిన రాత్రి చూడాలి తమ్ముడూ. పగటిపూట అందరూ లీడర్లే.

మాది ఒక బ్యాంకు ప్రాజెక్టు. నెలాఖరు రాత్రి లెక్కలన్నీ ఒకేసారి చేసే బ్యాచ్ జాబ్ మధ్యలో ఆగిపోయింది. లాగ్ ఫైళ్ళు పెరిగి పెరిగి డిస్క్ నిండిపోయింది. అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లోకి నలభై మంది దాకా వచ్చి పడ్డారు. డేటాబేస్ చూసే డీబీఏ కుర్రాడు ఒక కమాండ్ పూర్తిగా టైప్ చేసేలోపే "ఈటీఏ ఎంత, ఎప్పటికి అవుతుంది?" అని ఎవరో ఒకరు. మా డెలివరీ మేనేజర్ మేడమ్ చేరగానే ఇంకో కాల్ తెరిచారు. "అప్‌డేట్ కావాల్సినవాళ్ళంతా అక్కడికి రండి, అరగంటకోసారి నేనే చెప్తాను. ఇక్కడ ఈ నలుగురూ చాలు" అన్నారు. క్లయింట్ వైపు పెద్దాయన అరిచిన అరుపుల్లో ఒక్కటి కూడా మా దాకా రానివ్వలేదు. తెల్లారాక ఆ కుర్రాడికి క్యాబ్ బుక్ చేయించి, ఆ రోజంతా అతనికి ఎవరూ ఫోన్ చెయ్యొద్దని గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఆవిడకి డేటాబేస్ గురించి పెద్దగా ఏమీ తెలియదు.

వాసు_విశాఖ:
తెలియకపోవడం కూడా గొప్పేనా సుబ్బు గారూ? పని తెలియని మేనేజర్ కింద చేసి చూడండి. క్లయింట్ మీటింగులో "రెండు వారాల్లో ఇచ్చేస్తాం" అని ఒప్పేసుకుని వస్తాడు. ఆ రెండు వారాల్లో మనకి ఫైర్‌వాల్ పర్మిషన్ కూడా రాదు! శని, ఆదివారాలు మనవి పోతాయి, మెచ్చుకోలు మెయిల్ ఆయనకి వస్తుంది.

మన హైదరాబాద్ సత్య నాదెళ్ళనే తీసుకోండి. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన ఇంజినీరు. 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యేముందు క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు అద్దెకిచ్చే) విభాగాన్ని నడిపించాడు. లోపల ఏం జరుగుతుందో తెలుసు కాబట్టే వాళ్ళ క్లౌడ్ సేవ అజూర్ మీద అంత ధైర్యంగా పందెం కాశాడు. అప్రైజల్‌లో బెల్ కర్వ్ గోల తీసేసింది కూడా ఆయనే.

రేణుక_క్యూఏ:
చిన్న సవరణ. ఉద్యోగులను వరసలో నిలబెట్టి మార్కులేసే ఆ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులోనే తీసేసింది. అప్పటికి సీఈఓ స్టీవ్ బామర్. మనవాడు కదా అని అన్నీ ఆయన ఖాతాలో వేసేస్తున్నాం :)

నాదెళ్ళ విషయంలో నాకు గుర్తున్నది వేరే. 2014 అక్టోబరులో మహిళా ఇంజినీర్ల సదస్సులో, ఆడవాళ్ళు జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకుంటే చాలన్నట్టు మాట్లాడాడు. పెద్ద గొడవైంది. అదే రోజు ఉద్యోగులందరికీ మెయిల్ రాసి, తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నాడు. నా మాటలు వక్రీకరించారని అనలేదు. మన ఆఫీసుల్లో ఎంతమంది అలా రాస్తారు?

అప్రైజల్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. "నేను నీకు ఎక్కువే ఇచ్చాను, పైన తగ్గించారు" అనే మేనేజర్‌ని నేను నమ్మను. నాకు ఒక్కరే వేరేగా కనిపించారు. రేటింగ్ మీటింగ్‌కి ముందు నన్ను కూర్చోబెట్టి, నా తరఫున ఏం వాదించబోతున్నారో చదివి వినిపించారు. నేను పట్టుకున్న రెండు పెద్ద డిఫెక్టులు అందులో లేవు, చెప్తే అప్పటికప్పుడు రాసుకున్నారు. చివరికి రేటింగ్ పెరగలేదు. అయినా ఆయన టీమ్ మారినప్పుడు నేనూ వెంట వెళ్ళాను.

రాత్రిషిఫ్ట్:
తప్పు జరిగాక మొదటి ప్రశ్న "ఎవరు?" అయితే ఆ టీమ్ పని అయిపోయినట్టే. తర్వాత నుంచి అందరూ దాచడం మొదలుపెడతారు.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 (కంపెనీలు ఫైళ్ళు దాచుకునే క్లౌడ్ సేవ) పడిపోయి సగం ఇంటర్నెట్ ఆగినంత పనైంది. ఒక ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పుగా ఇవ్వడంతో, తియ్యాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసినట్టయింది. కంపెనీ ఇచ్చిన వివరణలో ఆ మనిషి పేరు లేదు. టూల్‌ని మార్చామని రాశారు. ఇకపై సర్వర్లను నెమ్మదిగా తీస్తుంది, కనీస సంఖ్యకంటే కిందికి పోనివ్వదు అని. మా చోట అయితే ముందు ఆ కుర్రాడి యాక్సెస్ పీకేసేవాళ్ళు, టూల్ అలాగే ఉండేది.

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య:
వాసూ, నువ్వు చెప్పిందీ నిజమే, సుబ్బు చెప్పిందీ నిజమే. కోడ్ రాయడం రావాలని లేదు, ఏం అడగాలో తెలియాలి. మా పాత బాస్‌కి కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ స్పెల్లింగ్ కూడా రాదు. కానీ ప్రతి రిలీజ్ ముందు ఒకటే అడిగేవాడు: "రిలీజ్‌ని వెనక్కి తీసుకుని పాత వెర్షన్‌కి వెళ్ళడం చివరిసారి ఎప్పుడు చేసి చూశారు?" డాక్యుమెంట్‌లో ఉంది సార్ అంటే అప్రూవల్ ఇచ్చేవాడు కాదు. తిట్టుకునేవాళ్ళం.

రాత్రిషిఫ్ట్ చెప్పిన దానికి నెల ముందే, 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చూడండి. వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ఫోల్డర్ తుడిచేశారు. సుమారు 300 జీబీ. అయిదు రకాల బ్యాకప్ పద్ధతులు ఉన్నాయనుకున్నారు, ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసి పెట్టిన కాపీ దొరికి బతికిపోయారు. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చారు, ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

డాలస్_దేవి:
ఆన్‌సైట్ నుంచి ఒక మాట. ఇక్కడ అమెరికాలో నవంబరులో గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అప్పటిదాకా డాలస్‌లో పొద్దున ఏడున్నరకి పెట్టిన కాల్ హైదరాబాద్‌లో సాయంత్రం ఆరు. నవంబరు నుంచి అదే కాల్ ఏడు అవుతుంది. ఏళ్ళ తరబడి సర్దుకున్నది హైదరాబాద్ వాళ్ళే. మా కొత్త డైరెక్టర్ వచ్చాక ఇన్వైట్‌ని ఇండియా టైమ్‌కి కట్టేసింది. చలికాలంలో ఆరున్నర కాల్‌కి మేం లేస్తున్నాం. ఏడుపొస్తోంది కానీ ఎదురు చెప్పడానికి మాట లేదు.

కొత్తలీడ్_కూకట్‌పల్లి:
అందరికీ థ్యాంక్స్. ఒక డౌట్. టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నాడు, ఏ సమస్య వచ్చినా అతనే చూస్తాడు, అర్ధరాత్రి అయినా సరే. మిగతావాళ్ళు నేర్చుకోవడం లేదు. అతన్ని ఏం చెయ్యాలి?

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య:
సెలవు మీద పంపు. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి వరసగా కనీసం పది పనిదినాలు సెలవు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలే ఉంది. వాళ్ళు పెట్టింది మోసాలు బయటపడాలని, మనకి ఇంకో రకంగా పనికొస్తుంది. అతను లేని రోజుల్లో మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసి పెట్టుకో. తిరిగొచ్చాక ఆ లిస్టు అతని చేతికిచ్చి, ఒక్కొక్కటీ ఇంకొకరికి నేర్పించమను. అన్నట్టు, సెలవులో ఉన్నప్పుడు నువ్వు ఫోన్ చెయ్యకు.

సపోర్ట్_సుబ్బు:
ముందు అతని ఆఫీసు ల్యాప్‌టాప్ తీసి నీ డెస్క్‌లో పెట్టుకో. లేకపోతే ఊటీలో కూర్చుని లాగిన్ అవుతాడు, నాకు తెలుసు.