లాటరీ ఐవీతో ‘పథకం ఎవరికి మేలు చేసింది’ అన్నది తేలుతుందా?

గణక:
2008లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం మెడికెయిడ్‌కు, అంటే పేదల ప్రభుత్వ వైద్య బీమాకు, లాటరీ తీసింది. దాదాపు 90 వేల మంది పేర్లిచ్చారు. లాటరీ తగలడాన్నే ఐవీగా (ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్, అంటే బీమాలో చేరికను యాదృచ్ఛికంగా మార్చి, ఫలితాన్ని మాత్రం ఆ బీమా ద్వారానే తాకే అంశం) పెడితే డిప్రెషన్ 9 శాతం పాయింట్లు తగ్గింది. బీపీ, కొలెస్ట్రాల్, షుగర్‌లలో తేడా తేలలేదు. ఇంతకన్నా శుభ్రమైన ఐవీ ఎక్కడుంది? ఎవరికి, ఎందులో మేలో తేలిపోయినట్టే.

తులసివనం:
తేలలేదండీ. ఈ అంచనా కంప్లయర్లది, అంటే తగిలితే చేరి, తగలకపోతే చేరనివాళ్లది. తొలి ఏడాది లెక్కల్లో లాటరీ తగలకపోయినా వేరే దారిన మెడికెయిడ్ దొరికినవాళ్లు 14 శాతం, తగలడం వల్ల చేరినవాళ్లు 26 శాతం. మిగతా 60 శాతం తగిలినా చేరనివాళ్లే. కొందరు 45 రోజుల గడువులో దరఖాస్తు పంపలేదు, కొందరి ఆదాయం పరిమితి దాటింది. వాళ్లకి బీమా అంది ఉంటే ఏమయ్యేదో ఈ డేటా చెప్పదు.

గణక:
ఫలానా మనిషి కంప్లయరని ఎలాగూ గుర్తుపట్టలేం కదా?

తులసివనం:
మనిషిని పట్టలేం గానీ గుంపు సగటు దొరుకుతుంది. లాటరీ తగిలీ చేరనివాళ్లంతా నెవర్ టేకర్లే, వాళ్ల సగటు వయసు నేరుగా వస్తుంది. లాటరీ తగలక బీమా లేకుండా ఉన్న 86 శాతంలో 60 వాళ్లు, 26 కంప్లయర్లు. ఆ గుంపు సగటును 86తో గుణించి, అందులోంచి 60 ఇంటూ నెవర్ టేకర్ల సగటు తీసేసి, 26తో భాగించండి. లాటరీకి ముందు ఎమర్జెన్సీకి ఎన్నిసార్లు వెళ్లారన్నదానికీ ఇదే లెక్క. లాటరీ తగిలిందని చేరడం మానుకునేవాళ్లు ఉండకూడదు, అదే షరతు.

మూడోకన్ను:
ఆ తీసివేత మొత్తం మీద ఒకేసారి చేస్తే తప్పొస్తుంది. ఇంట్లో ఒకరికి తగిలితే ఆ ఇంట్లోని వయోజనులందరికీ దరఖాస్తు హక్కు వచ్చింది. ముగ్గురు పేర్లిచ్చిన ఇంటికి అవకాశం ఎక్కువ కదా! జాబితాలో ఇంటికి ఎన్ని పేర్లో డమ్మీలుగా (0/1 గుర్తులుగా) ఐవీ లెక్క రెండు దశల్లోనూ, అంటే చేరికలోనూ ఫలితంలోనూ, పెట్టాలి. లేకపోతే పెద్ద కుటుంబాల తేడా బీమా ఖాతాలో పడుతుంది. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాల్లోని అనిశ్చితి కొలతలు) ఇంటివారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒకే ఇంటివాళ్లను ఒక గుంపుగా లెక్కించాలి.

గణక:
ఇంటి లెక్క ఒప్పుకుంటాను. కానీ మళ్లీ దరఖాస్తులు పిలిస్తే వచ్చేది ఈ కంప్లయర్ల లాంటివాళ్లే. ప్రభుత్వానికి కావాల్సిందీ వాళ్ల ఫలితమే.

తులసివనం:
పద్ధతి అదే ఉంటే సరే. గడువు ఎత్తేసి నేరుగా పేర్లెక్కిస్తే వచ్చేవాళ్లు మారిపోతారు. ఇంకోటి, షుగర్‌లో ‘తేడా తేలలేదు’ను ‘మేలు లేదు’ అని దయచేసి చదవకండి. పోర్ట్‌లాండ్ పరిసరాల్లో 12 వేల పైచిలుకు మందిని కొలిచారు. లాటరీ తగలనివాళ్లలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లేదా ఆ పైన ఉన్నది 5.1 శాతమే. ఐవీ అంచనా 0.93 పాయింట్ల తగ్గుదల, 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) 2.44 తగ్గుదల నుంచి 0.59 పెరుగుదల దాకా. కేసులు దాదాపు సగం తగ్గినా ఆ అంతరంలోనే ఇమిడిపోతుంది. ఐవీ అంచనా అంటే ఐటీటీని (లాటరీ తగిలినవాళ్లకీ తగలనివాళ్లకీ సగటు ఫలితాల తేడాను) ఫస్ట్ స్టేజ్‌తో (లాటరీ వల్ల చేరిక ఎంత పెరిగిందో దానితో) భాగించడమే. ఫస్ట్ స్టేజ్ పావు వంతే కాబట్టి ఐటీటీతో పాటు దాని ఎర్రరూ నాలుగింతలవుతుంది.