ఇన్సులేషన్ లేని కాయిల్: ఫ్యూజన్ రియాక్టర్లో నమ్మొచ్చా?

వైండింగ్ షాపు (బరంపురం):
మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు. ఎనామిల్ వైరు మీద చిన్న గీత పడ్డా ఆ మోటారు నెల తిరక్కుండా మళ్లీ మా బల్ల మీదికొస్తుంది, కాలిన వార్నిష్ వాసనతో. అలాంటిది 2021 సెప్టెంబరులో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ కంపెనీ వాళ్లు 20 టెస్లా అయస్కాంత ఫీల్డు అందుకున్న, ప్లాస్మాని (రియాక్టర్లోని మహా వేడి వాయువుని) పట్టి ఉంచే రకం కాయిల్లో చుట్టుకీ చుట్టుకీ మధ్య ఇన్సులేషనే లేదట. 267 కిలోమీటర్ల సూపర్‌కండక్టర్ టేపు! పరీక్షకైతే సరే, రియాక్టర్లో పెట్టడం తెగింపే.

చల్లగాలి (రాయగడ):
తమ్ముడూ, మీ మోటారుది ఏసీ. రెండు చుట్లు తగిలితే షార్టయిన ట్రాన్స్‌ఫార్మర్లా మాడుతుంది. ఇది డీసీ. 20 కెల్విన్ (మైనస్ 253 డిగ్రీలు) దగ్గర ఆ రెబ్కో (రేర్ ఎర్త్ కలిసిన సూపర్‌కండక్టర్) టేపు అడ్డే లేని దారి, ఇక పక్కనున్న లోహంలోకి కరెంటు ఎందుకు పోతుంది? టేపులో ఓ చోట వేడెక్కితే మాత్రం పక్క చుట్టులోకి తప్పుకుంటుంది. ఇన్సులేషన్ ఉంటే ఆ చోటే మాడేది. కాకపోతే కరెంటు నిదానంగా ఎక్కించాలి.

పర్లాకిమిడి మేష్టారు:
సగమే చెప్పారు. తప్పుకున్న కరెంటు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. 20 టెస్లా అంటే సుమారు 1600 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. కరెంటు ఒక పక్కకి ఒరిగితే ఆ తోపుడూ ఒరుగుతుంది. అదే కాయిల్‌కి చివర్లో కావాలనే కరెంటు తెగ్గొడితే ఓ మూల కాలింది కదా? ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ రియాక్టర్ ఈటర్‌లో నయోబియం-టిన్ (ఇంకో రకం సూపర్‌కండక్టర్) కాయిల్స్‌కి ఇన్సులేషన్ ఉంది, 68 వేల ఆంపియర్లు. క్వెంచ్ (సూపర్‌కండక్టర్ గుణం పోయి వేడెక్కడం) కనపడగానే శక్తిని బయటి రెసిస్టర్లలోకి దింపేస్తారు. పైగా ప్లాస్మాలో కరెంటు పుట్టించే నడిమి సొలినాయిడ్‌లో ఫీల్డు గబగబా మారాలి, అక్కడ మీ పద్ధతి పనికే రాదు.

చల్లగాలి:
సొలినాయిడ్ సంగతి ఒప్పుకుంటాను మేష్టారూ, నా వాదన ప్లాస్మాని చుట్టి ఉండే టొరాయిడల్ కాయిల్స్ వరకే. బీటా (ఫీల్డు ఒత్తిడితో పోలిస్తే ప్లాస్మా ఒత్తిడి) అంతే ఉండి ఫీల్డు రెట్టింపైతే ఘనపు మీటరుకి ఫ్యూజన్ శక్తి 16 రెట్లు. ఈటర్ ప్లాస్మా మధ్యలో 5.3 టెస్లా, కామన్‌వెల్త్ వాళ్ల స్పార్క్ డిజైన్‌లో 12.2. ఇక కాలడమంటారా, కాల్చి చూడకపోతే హద్దెక్కడో తెలిసేదెలా?

ఇసుక మనిషి (ఛత్రపురం):
రెబ్కోలో రేర్ ఎర్త్ ఉందిగా, మన ఐఆర్ఈఎల్ (కేంద్ర ప్రభుత్వ ఖనిజ కంపెనీ) తీసే బీచ్ ఇసుకతో చేసుకోలేమా?

చల్లగాలి:
ఆ ఇసుకలో రేర్ ఎర్త్‌లు ఉండే ఖనిజం మోనజైట్‌లో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం. టేపుకి ఇట్రియం, గడోలినియం లాంటివి కావాలి, అదీ ఒకటి రెండు మైక్రాన్ల పొర. ఆ పొరని కిలోమీటర్ల పొడవునా తప్పు రాకుండా పరవడమే కష్టం.

వైండింగ్ షాపు:
ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఏసీ, డీసీ తేడా ఒప్పుకున్నాడు. "మరి మాడిన చుట్టుని విప్పడం ఎలాగ?" అన్నాడు. టేపుల సందుల్లో సోల్డర్ పోసేశారట కదా.

పర్లాకిమిడి మేష్టారు:
2015 నాటి ఎంఐటీ వాళ్ల ఆర్క్ రియాక్టర్ డిజైన్‌లో కాయిల్స్‌ని జాయింట్ల దగ్గర ఊడదీసేలా గీశారు. జాయింటు దగ్గర వేడి పుడుతుందనుకోండి.

వైండింగ్ షాపు:
కాయిల్ ఊడదీయడం వేరు, లోపల మాడిన చుట్టు తీయడం వేరు మేష్టారూ. నాన్న అడిగేది రెండోది.