ముందు ఏది: ప్రతి పీహెచ్‌సీలో ఈసీజీనా, జిల్లాకో క్యాథ్ ల్యాబా?

ఏటూరునాగారం వాసి:
గుండె జబ్బుల కోసం సర్కారు డబ్బు పెడితే ముందు ఎక్కడ పెట్టాలి? జిల్లాకో క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళంలో అడ్డు తీసి స్టెంట్ వేసే గది) అని కొందరు, ప్రతి పీహెచ్‌సీలో ఈసీజీ (గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతగా చూపే పరీక్ష) అని కొందరు. నాది రెండో మాట. ఎందుకో చెప్తా.

మూడేళ్ల కింద వానాకాలంలో, తెల్లవారుజామున నాలుగింటికి మా బాపుకు ఛాతీలో మంట మొదలైంది. గ్యాస్ అనుకుని అవ్వ సోడా తాగించింది. ఎడమ చెయ్యి గుంజుతుందనేసరికి మాకు భయం పట్టుకుంది. అప్పటికే గంటన్నర పోయింది. దగ్గర్లోని ఆస్పత్రిలో ఈసీజీ మిషన్ ఉంది కానీ అందులో కాగితం రోల్ లేదు. ఇండెంట్ పెట్టి రెండు నెలలైందని నర్సమ్మ చెప్పింది. ఆమె తప్పేం లేదు. వరంగల్ చేరేసరికి తొమ్మిదైంది. అక్కడ ఈసీజీ తీసిన రెండు నిమిషాలకే గుండెపోటు అని చెప్పారు. ఆ రెండు నిమిషాల పని కోసం వంద కిలోమీటర్లు పోయాం. బాపు బతికాడు. కానీ గుండె పంపింగ్ తగ్గింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా డాక్టర్లు పాటించే లెక్క. గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వొచ్చు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఈసీజీ చూడకుండా ఆ ఇంజెక్షన్ ఏ డాక్టరూ వేయరు.

హన్మకొండ నుంచి:
అన్నా, మీ బాపు సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా మీ మాట ఒప్పుకోలేను. మిషన్లు పంచితే మూలకు పడతాయి. పేద దేశాల ఆస్పత్రుల్లో వైద్య పరికరాలను లెక్కగట్టి 2011లో ఒక అధ్యయనం వచ్చింది, దాదాపు 38 శాతం పనిచేయడం లేదని తేలింది. మీ ఊళ్లో జరిగిందీ అదే కదా. పైగా గుండెపోటు అని తెలిసినా, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంట్ వేసేది క్యాథ్ ల్యాబ్‌లోనే. అది జిల్లాలోనే ఉంటే వంద కిలోమీటర్లు పోయే బాధ ఎందుకు?

నర్సంపేట వైపు టెక్నీషియన్:
రోజూ ఈసీజీ తీసేవాడిగా ఒక మాట. ఎర్ర క్లిప్పు కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి, ఆకుపచ్చది ఎడమ కాలికి, నల్లది కుడి కాలికి. ఎర్రదీ పసుపుదీ తారుమారైతే ఈసీజీలో లీడ్ 1 అనే గీత తలకిందులుగా వస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఎర్తింగ్ బాగా లేకపోతే గీత గొంగళిపురుగులా బొచ్చుబొచ్చుగా వస్తుంది. ఇవన్నీ నేర్పడం పెద్ద పని కాదు. ఆ గీతను చదవడమే కష్టం. మా దగ్గర రాత్రిపూట ఫోటో తీసి పెద్ద డాక్టర్‌కు ఫోన్లో పంపుతాం, ఆయన చూసి చెప్తారు. అలా చూసే డాక్టర్ ఒకరు లేకపోతే ఎన్ని మిషన్లిచ్చినా దండగే. ఇంకోటి, ఆ కాగితం వేడికి వెలిసిపోతుంది. ఇంటికి తీసుకుపోయేవాళ్లు జిరాక్స్ తీసి పెట్టుకోండి.

ఏటూరునాగారం వాసి:
తమ్మీ, 38 శాతం మాట కాదనను. కానీ రోల్ తెప్పించలేని చోట క్యాథ్ ల్యాబ్ ఎట్లా నడుస్తుంది? దానికి రేయింబవళ్లు కార్డియాలజిస్టు కావాలి, టెక్నీషియన్ కావాలి, ఆగని కరెంటు కావాలి. తమిళనాడులో చిన్న ఆస్పత్రులను క్యాథ్ ల్యాబ్ ఉన్న పెద్ద ఆస్పత్రులకు ముడిపెట్టి, ఈసీజీలు చిన్నచోటి నుంచే పంపే ఏర్పాటు చేశారు. 2017లో అచ్చైన ఫలితాల ప్రకారం, గుండెపోటు వచ్చినవాళ్లలో ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి దిగాయి. వందమందిలో ముగ్గురు నలుగురు. మా బాపులాంటోళ్లే వాళ్లు.

సోమవారం మా పీహెచ్‌సీకి పోయి రోల్ ఉందో లేదో చూసొస్తా. మీరూ మీ దగ్గర చూసి ఇక్కడ రాయండి.

హన్మకొండ నుంచి:
పోతే రోల్ ఒక్కటే చూడకు అన్నా. తెల్లవారుజామున నాలుగింటికి వస్తే ఈసీజీ ఎవరు తీస్తారు, తీసింది ఎవరు చూస్తారు, అదీ అడుగు. నేనూ మా దగ్గర అడుగుతా.